సముద్రం బొమ్మ కొన్న అనుభవం: గోడ కొలత నుంచి వార్నిష్ దాకా

బొమ్మ కంటే ముందు గోడ చూసుకున్నాం. హాల్లో సోఫా వెనక గోడ 11 అడుగులు, సోఫా 84 అంగుళాలు. సోఫా మీద వేలాడే చిత్రం దాని వెడల్పులో సగానికి తగ్గకూడదు, మూడింట రెండు వంతులు దాటకూడదు అని ఫ్రేములు కట్టేవాళ్ళు చెబుతారు. మా లెక్కకి అది 42 నుంచి 56 అంగుళాలు, ఫ్రేముతో కలిపి. పాత పేపర్లు అతికించి 24×36, 30×40, 36×48 మూడు సైజులు కత్తిరించి, మాస్కింగ్ టేపుతో గోడకి ఒకదాని తర్వాత ఒకటి అంటించి చూశాం. షాపులో దిట్టంగా కనబడే 24×36 ఇంట్లో తపాలా బిళ్ళలా ఉంది. 36×48 పెడితే గోడంతా అదే. 30×40 కాగితాన్ని నాలుగు రోజులు వదిలేశాం.

ఆ నాలుగు రోజుల్లో సైజు కంటే పనికొచ్చే సంగతి ఒకటి తెలిసింది. పడమటి బాల్కనీ తలుపులోంచి సాయంత్రం నాలుగు నుంచి ఐదింటి దాకా ఎండ చీలిక ఒకటి సరిగ్గా కాగితం ఎడమ మూల మీద పడుతోంది. అది ఫిబ్రవరి. సూర్యుడు ఉత్తరానికి జరిగేకొద్దీ ఆ చీలిక కూడా గోడ మీద జరుగుతుంది కాబట్టి ఇవాళ ఎండ పడని చోటు జూన్‌లో పడని చోటు కాదు. కాగితాన్ని 14 అంగుళాలు కుడికి జరిపి, బాల్కనీకి పలచని తెర కట్టి, అప్పుడు బొమ్మ వేటలో పడ్డాం. సోఫా మధ్యకీ బొమ్మ మధ్యకీ పొంతన కుదరలేదు. పక్కన స్టాండు లైటు పెడితే సరిపోయింది.

లైట్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటు. దాని కింద సముద్రపు నీలం గచ్చులా బిగుసుకుపోతుంది, సంధ్యాకాశంలోని గులాబీ బూడిదైపోతుంది. షాపులోనేమో పసుపు స్పాట్‌లైటు కింద చూపిస్తారు. అక్కడ మెరిసిన బొమ్మ ఇంటికొచ్చాక చచ్చిపోయిందని బాధపడేవాళ్ళలో సగం మందికి బొమ్మ మారలేదు, బల్బు మారింది. గోడ మీదికి తిప్పే రెండు ట్రాక్ లైట్లు, 3000 నుంచి 4000 కెల్విన్ మధ్యవి, సీఆర్‌ఐ, అంటే రంగుల్ని ఉన్నవున్నట్టు చూపించే కొలత, 90 పైన ఉన్నవి తెచ్చుకుంటే చాలు. అట్ట మీద సీఆర్‌ఐ రాయని బల్బు కొనొద్దు.

హైదరాబాద్‌లో ఫర్నిచర్ షాపుల పక్కన, మాల్స్‌లో దొరికే “హ్యాండ్ పెయింటెడ్” సముద్రాలు చాలానే చూశాం. అవి మూడు రకాలు. మొదటిది కాన్వాస్ మీద ప్రింటు. పది రెట్లు పెద్దది చేసి చూపించే చిన్న భూతద్దం ఆన్‌లైన్‌లో రెండు మూడొందలకి దొరుకుతుంది. దాంతో ఆకాశం లేతగా ఉన్న చోట చూస్తే నీలం, గులాబీ, పసుపు చుక్కలు ఇసక జల్లినట్టు కనబడతాయి. చేత్తో వేసిన రంగులో చుక్కలుండవు, కుంచె ఈడ్చిన గీతలుంటాయి. రెండో రకం ప్రింటు మీద పారదర్శకమైన జెల్‌ని కుంచెతో పులిమినది. జనం మోసపోయేది దీని దగ్గరే. చేత్తో తడిమితే గరుగ్గా ఉంటుంది, “చూడండి సార్, ఒరిజినల్ స్ట్రోక్” అంటాడు షాపువాడు. ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూడండి. గరుకు ఒక దారిన పోతుంటే రంగు ఇంకో దారిన పోతుంటుంది. కెరటం అంచు ఎక్కడో, కుంచె గాటు ఇంకెక్కడో ఉంటుంది. నిజమైన బొమ్మలో గాటే అంచు. మూడోది నిజంగానే చేత్తో వేసింది, కానీ ఒకే ఫొటో చూసి వందల్లో వేసింది. చైనాలో షెంజెన్ దగ్గర డాఫెన్ అనే ఊరు ఊరంతా ఇలాంటి నకళ్ళ మీదే పేరు తెచ్చుకుంది. మన దగ్గరా వేసేవాళ్ళున్నారు. దీన్ని పట్టుకోవడానికి భూతద్దం అక్కర్లేదు. బొమ్మ ఫొటో తీసి ఫోన్లో ఇమేజ్ సెర్చ్ చేస్తే అదే అల పది దేశాల గోడల మీద విరుగుతూ కనబడుతుంది.

నకలుని పట్టుకునే దారి ఇంకోటి ఉంది, అది సముద్రం తెలిసినవాళ్ళకే. “వైజాగ్ బీచ్ సన్‌సెట్” అని పేరు పెట్టి, నీళ్ళలోకి దిగుతున్న ఎర్రటి సూర్యుణ్ణి వేసిన బొమ్మలు మూడు షాపుల్లో కనబడ్డాయి. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. దిగేది కొండల వెనక. ఆ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి పోతుంది కాబట్టి డిసెంబర్లో సూర్యుడు ఎంత దక్షిణానికి జరిగినా అస్తమయం నేల వైపే. ఆ బొమ్మ వేసినవాడు గోవా ఫొటో చూసి వేశాడన్న మాట. దాన్ని ఉదయం అని అమ్మినా కొంత నప్పేది.

మరి విశాఖ తీరంలో సాయంత్రం ఏం కనబడుతుంది? వెనక కొండల్లోకి సూర్యుడు దిగిన పది నిమిషాలకి సముద్రం మీద, తూర్పున, నీళ్ళకి ఆనుకుని బూడిద కలిసిన నీలం పట్టీ ఒకటి లేస్తుంది. దాని పైన లేత గులాబీ పట్టీ. ఆ నీలం భూమి నీడ, వాతావరణం మీద పడింది. గులాబీ దాని పైన ఇంకా ఎండ తగులుతున్న గాలి. మబ్బు లేని రోజున ఎవరైనా చూడొచ్చు, కానీ జనం ఆ సమయానికి పడమర చూస్తూ ఉంటారు. మేం చివరికి కొన్న బొమ్మలో ఉన్నది అదే.

దాన్ని విశాఖలో ఒక డ్రాయింగ్ మాస్టారి ఇంట్లో చూశాం. 30×40 కాన్వాస్, ఆయిల్. మంగమారిపేట ఒడ్డు, మూలకి రాతి తోరణం సగం, ఒడ్డుకి లాగేసిన రెండు ఫైబర్ పడవలు. ముందు నాకు ఆ నీలం పట్టీ తప్పనిపించింది.

“మాస్టారూ, ఇది మబ్బాండీ? మరీ తిన్నగా గీసినట్టుంది.”

“మబ్బు కాదు బాబూ, మన నీడే. భూమి నీడ. పావుగంట ఉంటుంది, తర్వాత పైకి లేచి చీకట్లో కలిసిపోతుంది. దానికోసం నాలుగు సాయంత్రాలు వెళ్ళాను.”

ఆ మాట నిజమో కాదో బొమ్మే చెబుతుంది. నురుగు చూశాం. తెల్లగా లేదు. ఎండ నేరుగా పడని వేళ నురుగు తెల్లగా ఉండదు, ఆకాశాన్ని పట్టి ఊదా కలిసిన నీలంగా ఉంటుంది. ఫొటో చూసి వేసేవాళ్ళు అలవాటుగా ట్యూబులోంచి తెలుపు తీసి నేరుగా పెట్టేస్తారు. తడి ఇసక మీద గులాబీ ఉంది, దాని పక్కనే పొడి ఇసక మీద లేదు. తడి ఇసక అద్దం లాంటిది కదా. దూరం నీళ్ళు ముదురుగా, ఒడ్డు దగ్గర నీళ్ళు పైనున్న ఆకాశాన్ని పట్టి లేతగా ఉన్నాయి. పడవల నీడలు ఇసక మీద లేవు. సూర్యుడు లేని చోట నీడ వేస్తే అప్పుడు అడగాల్సొచ్చేది. ఫోన్లో లెవెల్ యాప్ కాన్వాస్ పై అంచుకి ఆనించి దాన్ని తిన్నగా నిలబెట్టి, క్షితిజరేఖ ఆ అంచుకి సమాంతరంగా ఉందో లేదో చూశాం. సముద్రం బొమ్మలో ఆ గీత ఒక డిగ్రీ వాలినా ఇంట్లో రోజూ నీళ్ళు కారిపోతున్నట్టే ఉంటుంది, ఫ్రేము తప్పనుకుని మేకు సర్దుతూ ఉంటాం.

బొమ్మని తలకిందులు చేసి చూశాం, తర్వాత ఫోన్ కెమెరాలో అద్దంలోలా తిప్పి చూశాం. బరువంతా ఒక పక్కకి పోతే ఇలా చూసినప్పుడు తెలుస్తుంది. ఫోన్లో నలుపు-తెలుపు ఫిల్టర్ పెట్టి కూడా చూడండి. రంగు తీసేశాక అలలూ ఆకాశమూ ఒకే బూడిదలో కలిసిపోతే ఆ బొమ్మ రంగు మీదే బతుకుతోందని అర్థం, రాత్రి మసక వెలుతురులో గోడ మీద ఏమీ మిగలదు. ఇందులో గులాబీ పట్టీ, నీలం పట్టీ, నీళ్ళు మూడూ మూడు మెట్లుగా విడిగా నిలిచాయి.

తర్వాత రంగుల ట్యూబులు అడిగాం. ఇది అడగడానికి మొహమాటపడతారు, పడొద్దు. మంచి చిత్రకారుడు ఈ ప్రశ్న విని సంతోషిస్తాడు. ట్యూబు మీద రంగు పేరు కాక పిగ్మెంట్ నంబరు చూడాలి. సంధ్యాకాశం బొమ్మల్లో ముందు చచ్చేది గులాబీ. పీఆర్ 83 అని ఉంటే అది అసలు అలిజరిన్ క్రిమ్‌సన్, తెలుపు కలిపి లేతగా వేస్తే వెలుతురుకి కొన్నేళ్ళలో ఎగిరిపోతుంది. మెరిసే ఫ్లోరెసెంట్ పింక్ అయితే మరీ తొందరగా. మాస్టారు వాడింది పీవీ 19, క్వినాక్రిడోన్ రోజ్. ఇది నిలబడే రంగు. నీలాల్లో అల్ట్రామెరైన్ పీబీ 29, కోబాల్ట్ పీబీ 28, థాలో పీబీ 15, మూడూ గట్టివే. ట్యూబు మీద ఏఎస్‌టీఎం అనే ప్రమాణంలో ఒకటి లేదా రెండు అని ఉంటే వెలుతురుకి తట్టుకుంటుందని లెక్క.

తెలుపు దగ్గర ఇంకో మెలిక ఉంది. ఆయిల్ రంగుల్లో జింక్ వైట్, పీడబ్ల్యూ 4, ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతుంది, కింది పొర నుంచి ఊడొస్తుంది. “టైటానియం వైట్” అని రాసి లోపల పీడబ్ల్యూ 6 తో పాటు పీడబ్ల్యూ 4 కలిపిన ట్యూబులు చాలా ఉన్నాయి. సముద్రం బొమ్మలో మందంగా పడేది తెలుపే కాబట్టి నురుగు మీద ఇది ముఖ్యం. మాస్టారి ట్యూబు వెనక పీడబ్ల్యూ 6 ఒక్కటే ఉంది. కాన్వాస్ వెనక కూడా చూశాం. కాన్వాస్‌ని లాగి బిగించే స్ట్రెచర్ కర్ర ఒకటిన్నర అంగుళం మందం, మూలల్లో బిగించుకునే చెక్క చీలలు, మధ్యలో అడ్డకర్ర. 30 అంగుళాలు దాటిన కాన్వాస్‌కి అడ్డకర్ర లేకపోతే వానాకాలం తర్వాత స్ట్రెచర్ మెలితిరుగుతుంది. వేలితో వెనక నుంచి తట్టితే డప్పులా తిరిగి కొట్టాలి. మెత్తగా లోపలికి పోతే మళ్ళీ బిగించమనాలి. ముందు నుంచి మాత్రం తట్టకండి.

అక్రిలిక్ అయితే ఆయిల్‌లా నెలల తరబడి ఆరే గొడవ ఉండదు, రంగు గంటల్లో ఆరిపోతుంది. కానీ వేడికి మెత్తబడుతుంది, దానికి తగిలిందల్లా అంటుకుంటుంది. నీటిరంగులైతే కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు), నూరు శాతం పత్తి, యాసిడ్ లేనిదా అని అడగాలి. అద్దం తప్పనిసరి, అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండేలా అంచుల చుట్టూ మందపాటి అట్ట, మౌంట్ బోర్డు, ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే మొదటి వానాకాలానికే అద్దం లోపల చెమ్మ పట్టి బూజు చుక్కలు లేస్తాయి. సముద్రం ఒడ్డు ఊళ్ళలో నీటిరంగుల బొమ్మలకి నేనైతే లోపలి గోడే ఎంచుకుంటాను. బయటి గోడ చెమ్మ తాగుతుంది.

కొనే ముందు కన్ను అలవాటు కావాలి. దానికి డబ్బు పెట్టక్కర్లేదు. మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ప్రదర్శనలు మారుతూ ఉంటాయి. రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆయన ఆ కొద్దికాలంలో వేసినవి దగ్గరగా నిలబడి చూడొచ్చు. హైదరాబాద్ రాళ్ళని బొమ్మలుగా చూడాలంటే కొండపల్లి శేషగిరిరావు. చెన్నై వెళ్ళేవాళ్ళకి 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ ఆధ్వర్యంలో మొదలైన చోళమండలం ఉంది, అక్కడ చిత్రకారులు ఉండే చోటనే బొమ్మలూ ఉంటాయి. చిన్న బడ్జెట్‌కి ఇంకా మంచి దారి ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో ఏడాది చివర పిల్లలు పెట్టే ప్రదర్శనలు. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ.

ధర. చాలామంది చిత్రకారులు చదరపు అంగుళం లెక్క కడతారు. మాస్టారు అంగుళానికి 40 రూపాయలన్నారు. 30×40 అంటే 1,200 అంగుళాలు, 48,000. చిన్న బొమ్మలకి అంగుళం రేటు ఎక్కువుంటుంది, మోసం కాదు, 8×10కి పడే ఆలోచన 30×40కి పడే ఆలోచన కంటే పెద్దగా తక్కువ ఉండదు. గ్యాలరీలో కొంటే ధరలో మూడోవంతు నుంచి సగం దాకా గ్యాలరీకి పోవడం మామూలే. అలాగని గ్యాలరీలో చూసిన బొమ్మకి చిత్రకారుడి ఇంటికెళ్ళి బేరమాడటం పద్ధతి కాదు, అతనికి మళ్ళీ ఆ గ్యాలరీ దొరకదు. బేరమాడాలనిపిస్తే ధర కాకుండా ప్యాకింగ్, ఒక వార్నిష్, నాలుగు వాయిదాలు అడగండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు. జీఎస్టీ చేత్తో వేసిన చిత్రాలకి 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. రిజిస్ట్రేషన్ లేని చిత్రకారుడు అసలు వసూలు చేయకూడదు.

కాగితాలు రెండు తీసుకున్నాం. రసీదు, బొమ్మ ఆయన వేసిందేనని చెప్పే సర్టిఫికెట్. సర్టిఫికెట్‌లో బొమ్మ పేరు, ఏడాది, మాధ్యమం, కొలత, బొమ్మ చిన్న ఫొటో, దాని మీదుగా పడేలా సంతకం. కొలత రాసేటప్పుడు ఎత్తు ముందు, వెడల్పు తర్వాత రాయడం గ్యాలరీల పద్ధతి. ఫ్రేములవాళ్ళు చాలామంది వెడల్పు ముందు రాసుకుంటారు. “ఎత్తు 30, వెడల్పు 40” అని మాటల్లో రాయించుకుంటే ఫ్రేము నిలువుగా వచ్చే ప్రమాదం ఉండదు. తేదీ, పేరు కాన్వాస్ వెనక కూడా చిత్రకారుడి చేతే రాయించాలి, స్ట్రెచర్ కర్ర మీద పెన్సిల్‌తో. కాన్వాస్ వెనక మార్కర్‌తో రాస్తే ముందుకి ఊరుతుంది.

ఒక మాట చాలామందికి తెలీదు. బొమ్మ కొంటే గోడ మీద పెట్టుకునే హక్కు వస్తుంది, కాపీరైట్ రాదు. పెళ్ళి శుభలేఖ మీద ఆ బొమ్మ వేయించుకోవాలంటే అడగాలి. మనం డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మకి సంగతి వేరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్ళే. అందుకే ఆర్డరు మీద వేసే చిత్రకారులు ముందే ఒక కాగితం రాసుకుంటారు, రాయమంటే నొచ్చుకోవద్దు. బొమ్మని తర్వాత పది వేల పైన అమ్మితే చిత్రకారుడికి అందులో వాటా అడిగే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఇక తప్పు జరిగింది రవాణాలో. బొమ్మ డిసెంబర్లో వేసింది, మే నెలలో విశాఖ నుంచి హైదరాబాద్ వచ్చింది. ఆయిల్ రంగు నీరింకి ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పట్టి గట్టిపడుతుంది. పైన ఆరినట్టున్నా మందంగా పడ్డ చోట ఐదు నెలలకి లోపల ఇంకా పచ్చిగా ఉంటుంది. ప్యాకింగ్ చేసినవాళ్ళు బబుల్ ర్యాప్‌ని బుడగలు లోపలికి పెట్టి నేరుగా రంగు మీదే చుట్టేశారు. లారీలో మే ఎండ. విప్పి టార్చి పక్కనుంచి వేస్తే గులాబీ పట్టీ మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి మచ్చలు వరుసగా, ఒకటి మెరుస్తూ, పక్కది మెరవకుండా.

రంగు పోలేదు, మెరుపు మాత్రం మారింది. ఇలాంటప్పుడు తుడవకూడదు, గుడ్డ అస్సలు తాకించకూడదు. ప్యాకింగ్ విప్పుతూనే వీడియో తీసి, అదే రోజు రవాణా సంస్థకి ఫిర్యాదు చేశాం. ఇన్సూరెన్స్ కట్టిన రసీదు మీద “గృహోపకరణాలు” అని రాసి ఉండటంతో దక్కింది అణా పైసలే. రసీదు మీద “చేత్తో వేసిన చిత్రం, ధర 48,000” అని రాయించి ఉండాల్సింది. ప్యాకింగ్‌కి సరైన వరస ఇది. రంగుకి తగిలేలా గ్లాసైన్ అనే నున్నటి కాగితం, అది దొరక్కపోతే బేకింగ్‌కి వాడే సిలికాన్ పార్చ్‌మెంట్ కాగితం. మూలలకి అట్ట పెట్టి ముందు వైపు పలక అట్టని రంగుకి అంగుళం దూరంలో నిలబెట్టాలి. ఆ తర్వాతే బబుల్ ర్యాప్, బుడగలు బయటికి. ఆ పైన ప్లైవుడ్ పెట్టె.

అమెరికా నుంచి వచ్చి కొని తీసుకెళ్ళేవాళ్ళు స్ట్రెచర్ మీది నుంచి తీసి చుట్టమంటారు. చుట్టొచ్చు, రంగు బయటి వైపుకి ఉండేలా. లోపలికి చుడితే రంగు నొక్కుకుపోతుంది. గొట్టం కనీసం ఆరంగుళాల వ్యాసం ఉండాలి. పోస్టర్లు పెట్టే రెండంగుళాల గొట్టంలో దూర్చితే మందంగా ఉన్న నురుగంతా పగుళ్ళు. ఏడాది నిండని ఆయిల్ బొమ్మని చుట్టొద్దనే నా మాట.

ఫ్రేము సంగతి. మొదట వెళ్ళిన షాపులో అద్దం బిగిద్దామన్నారు, దుమ్ము పడదని. ఆయిల్ బొమ్మకి, అందులో పచ్చిగా ఉన్నదానికి, అద్దం వద్దు. గాలి తగలాలి. ఫ్లోటర్ ఫ్రేము చేయించాం, అంటే కాన్వాస్ చుట్టూ పావంగుళం ఖాళీ వదిలి నిలబడే పెట్టె లాంటిది. స్ట్రెచర్ ఒకటిన్నర అంగుళం కాబట్టి ఫ్రేము లోతు ఒకటీ ముప్పావు. టేకు, పాలిష్ లేకుండా నూనె మాత్రమే. సింథటిక్ బీడింగ్ సగం ధరకొస్తుంది కానీ 40 అంగుళాల పొడవుకి మధ్యలో వంగుతుంది. బిగించడానికి మేకులు వద్దు, వెనక నుంచి 25 మిల్లీమీటర్ల స్క్రూలు ఆరు. అంతకంటే పొడవైన స్క్రూ ఏమరుపాటున కాన్వాస్ మడతలోంచి ముందుకి పొడుచుకొస్తుంది. వెనక ప్లాస్టిక్ షీటు వేసి టేపుతో మూసేస్తామంటే ఒప్పుకోకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది.

వేలాడదీసే ఎత్తు: మ్యూజియంలలో చిత్రం మధ్య భాగం నేల నుంచి 57, 58 అంగుళాల్లో ఉంచుతారు. మా సోఫా వీపు 34 అంగుళాలు, దాని పైన ఎనిమిది వదిలాం, ఫ్రేముతో బొమ్మ ఎత్తు 33, మధ్య 58న్నరకి వచ్చింది. సోఫా మీద ఎనిమిది అంగుళాలే వదలాలి, అడుగున్నర వదిలితే బొమ్మా సోఫా ఒకరికొకరు తెలీనట్టు ఉంటాయి. తీగ కట్టలేదు. తీగకి వేలాడితే తలుపు వేసినప్పుడల్లా ఒక పక్కకి జారుతుంది, క్షితిజరేఖ ఉన్న బొమ్మకి అది ప్రాణాంతకం. రెండు డి-రింగులు, రెండు స్క్రూలు. ఈ కొత్త అపార్ట్‌మెంట్లలో మైవాన్ గోడలు, అంటే ఇటుక లేకుండా మొత్తం కాంక్రీటు. మామూలు డ్రిల్లు తిరుగుతుంది కానీ దిగదు. హ్యామర్ డ్రిల్లు, 6 మిల్లీమీటర్ల బిట్, 40 మిల్లీమీటర్ల లోతు, అదే సైజు ప్లగ్గు. స్విచ్‌బోర్డుకి నిటారుగా పైన మాత్రం డ్రిల్లు పెట్టొద్దు, వైరు గొట్టం అక్కడే పోతుంది. ఫ్రేము కింది మూలలకి వెనక రెండు కార్కు ముక్కలు అంటిస్తే గోడకీ బొమ్మకీ మధ్య కొంచెం గాలి ఆడుతుంది.

ఎనిమిది నెలలు అలాగే ఉంచాం. దుమ్ముకి పొడి మేక వెంట్రుకల కుంచె, నెలకోసారి, పై నుంచి కిందికి. అద్దాలు తుడిచే స్ప్రే, తడి గుడ్డ, కోసిన బంగాళాదుంప లాంటి చిట్కాలేవీ పనికిరావు. దేవుడి గూటి పక్క గోడ మీద బొమ్మ పెట్టేవాళ్ళకి ఒక మాట: అగరొత్తుల జిడ్డు పొగ పచ్చి ఆయిల్ రంగులోకి ఇంకిపోతుంది, తర్వాత తీయడానికి రాదు.

జనవరిలో, బొమ్మకి 13 నెలలు నిండాక, వార్నిష్ వేశాం. ఆరిందో లేదో ముందు పరీక్ష. దూదిపుల్లని వాసన లేని మినరల్ స్పిరిట్‌లో ముంచి, పిండి, మందంగా ముదురుగా ఉన్న మూల మీద, మా బొమ్మలో రాతి తోరణం నీడ దగ్గర, మెల్లగా దొర్లించాం. దూదికి రంగు అంటితే ఇంకా ఆగాలి. అంటలేదు. పాతకాలపు డామర్ వార్నిష్, అంటే గుగ్గిలం జాతి, కొన్నేళ్ళకి పచ్చబడి సముద్రాన్ని కషాయం చేస్తుంది. తర్వాత ఎప్పుడైనా తీసేయగలిగే సింథటిక్ రెసిన్ వార్నిష్ తీసుకున్నాం, తక్కువ మెరిసే శాటిన్ రకం. బాగా మెరిసే గ్లాసీ రకం అయితే బాల్కనీ మొత్తం బొమ్మలో కనబడేది. ఫ్యాన్లు ఆపేసి, బొమ్మని బల్ల మీద పరిచి, రెండంగుళాల మెత్తని కుంచెతో పలచగా ఒకే పొర, ఎడమ నుంచి కుడికి, వేసిన చోట మళ్ళీ రుద్దకుండా. పావుగంటయ్యాక గోడకి ముఖం పెట్టి వాలుగా నిలబెట్టాం, దుమ్ము పడకుండా. మర్నాడు ఉదయం టార్చి పక్కనుంచి వేస్తే గులాబీ పట్టీ మీది బుడగల మచ్చలు దాదాపుగా పోయాయి. నీలం పట్టీ అంచున ఒక్కటి మాత్రం, ఎక్కడుందో తెలిసినవాళ్ళకి, ఇంకా కనబడుతుంది.